కారవాన్‌లో వచ్చే కుక్కకు మన నేల సంగతి ఎవరు చెబుతారు?

పర్యాటక శాఖ మంత్రి గారికి అత్తిలి నుంచి ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక, సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి
శ్రీ కందుల దుర్గేష్ గారికి,



మీ నిడదవోలులో భీమవరం బండెక్కితే తణుకు దాటాక మా అత్తిలి వస్తుంది. ఆ లెక్కన మీరు మాకు పొరుగు ఎమ్మెల్యే. పొరుగాయనకు మంత్రి పదవి వస్తే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అర్జీలు పట్టుకుని బయల్దేరడం గోదావరి జిల్లాల్లో ఎప్పుడూ ఉన్నదే. నా అర్జీ రోడ్డు కోసం కాదు, వంతెన కోసం కాదు. కుక్కల కోసం. నవ్వొస్తే ముందు నవ్వేయండి. ఆ తరవాత తీరిగ్గా చదవండి.

2025లో మీ ప్రభుత్వం కారవాన్లకూ, కారవాన్ పార్కులకూ ఒక విధానం తెచ్చింది. పడక, వంటగది, స్నానాల గది అన్నీ ఉన్న బండి వేసుకుని నచ్చిన చోట ఆగడం, పార్కులో కరెంటూ నీళ్ళూ తగిలించుకుని రాత్రి పడుకోవడం. విదేశాల్లో దీన్ని మోటర్‌హోమ్ అంటారు. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఆర్వీ అంటారు. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వేసవి సెలవుల్లో అలాంటి బండి అద్దెకు తీసుకుని జాతీయ పార్కులు చుట్టిరావడం అక్కడి తెలుగు కుటుంబాలకు ఇప్పుడు మామూలు సంగతే. ఆ ప్రయాణంలో వాళ్ళను లాగే సుఖాల్లో ఒకటి, కుక్కను ఎవరింట్లోనో వదిలి వెళ్ళక్కర్లేకపోవడం. హోటలు వాళ్ళు వద్దంటారు, విమానం వాళ్ళు వంద కాగితాలు అడుగుతారు. కదిలే ఇంట్లో మాత్రం కుక్క కూడా ఇంటి మనిషే.

కాబట్టి రేపు కొల్లేటి అంచునో గోదావరి గట్టునో కారవాన్ పార్కు తెరిస్తే మొదటి వారంలోనే హైదరాబాదు లాబ్రడార్, బెంగళూరు షిట్జూ, ఎవరో సరదాపడి పెంచుకుంటున్న హస్కీ దిగుతాయి. ఆ మాటకొస్తే సంక్రాంతికి కార్లలో ఇప్పటికే దిగుతున్నాయి. మీ విధానంలో రాయితీలు ఉన్నాయి, బండ్లు ఉన్నాయి, పార్కులు ఉన్నాయి. ఆ బండి దిగే కుక్క గురించి కూడా నాలుగు వాక్యాలు ఉండాలన్నది నా విన్నపం.

ఎందుకంటారా? ఏ నేల ప్రమాదాలు ఆ నేలవి. మా కాలువ గట్టు మీద పుట్టి పెరిగిన కుక్క ఎండ ముదిరే వేళకు తూము కింద చల్లని మట్టి వెతుక్కుంటుంది. ఏ రేవులో దిగితే పైకి ఎక్కగలదో దానికి తెలుసు. బుస వినబడితే చాలావరకు వెనక్కి తగ్గుతుంది. తొమ్మిదో అంతస్తులో పెరిగిన కుక్కకు ఇవేవీ తెలియవు. దాన్ని తెచ్చిన యజమానికీ తెలియవు. తెలిసింది ఇక్కడివాళ్ళకు. పర్యాటకుణ్ణి రమ్మని పిలిచేది ప్రభుత్వం కనుక, ఇక్కడివాళ్ళకు తెలిసింది వచ్చేవాళ్ళకు చేర్చే పని కూడా ప్రభుత్వానిదే.

మొదట ఎండ సంగతి. మన వైపు యాత్రా మార్గం ఒక్కసారి గుర్తు చేసుకోండి. ద్వారకా తిరుమల, భీమవరం గునుపూడి సోమేశ్వరుడు, పాలకొల్లు క్షీరారామలింగేశ్వరుడు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ, మా ఊరి సుబ్రహ్మణ్యేశ్వరుడు. ప్రతి మజిలీ గుడే. ఏ గుళ్ళోకీ కుక్కను రానివ్వరు. రానివ్వమని నేనూ అడగను. మరి యజమానులు క్యూలో నిలబడి, దర్శనం చేసుకుని, ప్రసాదం తీసుకుని వచ్చేదాకా కుక్క ఎక్కడుంటుంది? బండిలోనే ఉంటుంది. అంటే మన జిల్లాల్లో కారవాన్ కుక్కకు అన్నిటికన్నా పెద్ద ప్రమాదం అడవిలోనో చెరువులోనో లేదు, గుడి ముందు పార్కింగులో ఉంది.

ఎండలో నిలిపి అద్దాలు మూసిన కారులో మొదటి పది నిమిషాల్లోనే వేడి బయటికన్నా పది డిగ్రీల దాకా పెరుగుతుంది. అరగంటకు ఇరవై దగ్గరికి వస్తుంది. అద్దం నాలుగు వేళ్ళు దించితే చాలనేది ఒట్టి నమ్మకం. కొలిచి చూసినవాళ్ళకు పెద్ద తేడా కనబడలేదు. కారవాన్‌లో ఏసీ ఉంటుంది కదా అనవచ్చు. ఆగిన బండిలో ఏసీ ఆడాలంటే బయటి కరెంటు తగిలించాలి, లేదా జనరేటరు నడవాలి. గుడి పార్కింగులో ప్లగ్గు ఉండదు. పార్కులో ప్లగ్గు ఉన్నా మే నెల మధ్యాహ్నం కరెంటు పోదని రాసిచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు. యజమాని చల్లగా ఉంటుందనుకుని తలుపు వేసి వెళ్తాడు. తిరిగొచ్చేసరికి ఏసీ ఎప్పుడు ఆగిందో చెప్పేవాళ్ళుండరు.

పైగా ఇది డెల్టా. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. రొప్పుతూ, నాలుక మీదా నోట్లోనూ ఉన్న తడి ఆరబెట్టుకుని ఒళ్ళు చల్లబరుచుకుంటుంది. గాలిలో తేమ నిండి ఉంటే ఆ తడి ఆరదు. అందుకే మన ఉక్కపోతలో 36 డిగ్రీలైనా దానికి ప్రాణసంకటమే. మూతి నొక్కుకుపోయిన పగ్, బుల్‌డాగ్, షిట్జూ జాతులకు మరీను. కుక్క మామూలు ఒంటివేడి 38, 39 డిగ్రీల మధ్య ఉంటుంది. 41 దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. అప్పుడు చేయాల్సింది ఆసుపత్రికి పరుగెత్తడం ఒక్కటే కాదు. ముందు నీడకు తెచ్చి, దొరికిన మామూలు నీళ్ళు ఒళ్ళంతా పోసి, విసరాలి. ఆ తరవాతే బండెక్కించాలి. తడిగుడ్డ కప్పి వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది. ఈ నాలుగు మాటలు పార్కు తలుపు మీద అంటిస్తే ఖర్చెంత?

అమెరికాలో గ్రాండ్ కాన్యన్ దగ్గర కుక్కలను అంచు దాటి లోయ దారుల్లోకి దిగనివ్వరు. అందుకని దక్షిణపు అంచున, టీకాల కాగితం చూసి కుక్కను పగటిపూట ఉంచుకునే వసతి పెట్టారు. రావద్దన్నవాళ్ళే ఉండే చోటు చూపించారు. ద్వారకా తిరుమల కొండ కింద ఒక రేకుల షెడ్డు, పైన తాటాకు కప్పు, రెండు ఫ్యాన్లు, ఒక కుళాయి, చూసుకోవడానికి ఇద్దరు మనుషులు ఉంటే చాలు. చెప్పుల స్టాండు నడిపే ఊళ్ళో ఇది నడపలేమా?

ఇక పాములు. మార్గశిర శుద్ధ షష్ఠికి మా అత్తిలిలో సుబ్రహ్మణ్య షష్ఠి తీర్థం జరుగుతుంది. అదే సార్వా మాసూళ్ళ కాలం. కోసి పనలు వేసిన చేలోకి ఎలుక వస్తుంది, ఎలుక వెనక పాము వస్తుంది. మేము పుట్టకు మొక్కే రోజులూ, గట్టు మీద టార్చి లేకుండా అడుగు వేయని రోజులూ ఒకటే. తీర్థానికి వచ్చిన కారవాన్ రాత్రి ఏ పుంత పక్కనో ఆగితే, కుక్కను కాసేపు బయట తిప్పుదామని యజమాని దిగేది సరిగ్గా అక్కడే.

డెల్టాలో ప్రాణం తీసేవి ముఖ్యంగా మూడు: నాగుపాము, రక్తపింజరి, కట్లపాము. కుక్క ఏ సంగతైనా ముందు ముక్కుతో వాకబు చేస్తుంది కనుక కాటు ఎక్కువగా మూతి మీదో ముందుకాలి మీదో పడుతుంది. రక్తపింజరి ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు గట్టిగా బుస కొడుతుంది. తెలిసిన కుక్క ఆగుతుంది, తెలియనిది ఆటబొమ్మ దొరికిందనుకుంటుంది. దాని కాటుకు వాపు, రక్తస్రావం, ఆపైన మూత్రపిండాల మీద దెబ్బ. నాగుపాము, కట్లపాముల విషం నరాల మీద పనిచేస్తుంది. చొంగ కారడం, కాళ్ళు తడబడటం, చివరికి ఊపిరి ఆడకపోవడం. కట్లపాము కాటుకు నొప్పి కూడా అంతగా తెలియదు. పొద్దున్న కుక్క లేవలేకపోతే అప్పుడు అనుమానం వస్తుంది. తాడు బిగించి కట్టడం, కోయడం, పసర్లు పూయడం పనికిరావు. కుక్కను నడిపించకుండా ఎత్తుకుని, వీలైనంత కదలనివ్వకుండా డాక్టరు దగ్గరికి చేర్చాలి.

చేర్చాక కావలసింది విరుగుడు ఇంజెక్షన్. మనిషికి ఇచ్చేదే కుక్కకూ ఇస్తారు. గుర్రాలకు విషం కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి తయారుచేసే మందు అది. ఆ మూడు పాములతో పాటు మెట్ట ప్రాంతాల చిన్నపింజర విషానికీ అదే పనిచేస్తుంది. ఇందులో చాలామందికి తెలియని కిటుకు ఒకటుంది: కుక్క చిన్నదని సీసాలు తగ్గవు. ఒంట్లోకి ఎంత విషం ఎక్కిందన్నదాన్ని బట్టి మోతాదు ఉంటుంది. అయిదు కిలోల షిట్జూకీ ముప్ఫయి కిలోల లాబ్రడార్‌కీ ఒకటే పాము కదా కరిచింది.

రాత్రి తొమ్మిదిన్నరకు అత్తిలి పొలిమేరలో కుక్కను పాము కరిస్తే, బెంగళూరు మనిషి ఎటు వెళ్ళాలి? తణుకా, తాడేపల్లిగూడెమా, భీమవరమా? ఏ పశువుల ఆసుపత్రిలో ఆ పూట మందు ఉంది? ఎక్కడ డాక్టరు ఉన్నారు? గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉందని అతనికి ఎవరు చెప్పాలి? 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుందని ఇక్కడి పాడి రైతుకు తెలుసు, బయటివాడికి తెలియదు. మందుకన్నా ముందు కావలసింది ఈ సమాచారం.

పాముకాటు మన రాష్ట్రంలో చిన్న విషయం కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. 2018 వర్షాకాలంలో అవనిగడ్డ చుట్టుపక్కల వరసగా పాముకాట్లు జరిగి దివిసీమ బెంబేలెత్తిపోయింది. ఆ ఆగస్టులో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి సన్నిధిలో దేవాదాయ శాఖ సర్పశాంతి యాగమే చేయించింది. దేశం మొత్తం మీద ఏటా సుమారు 58,000 మంది పాముకాటుతో చనిపోతున్నారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. మనిషి ఆరోగ్యాన్నీ పశువుల ఆరోగ్యాన్నీ కలిపి చూడాలన్నది అందులో ఉన్న మాటే. కాబట్టి పశువుల ఆసుపత్రిలో విరుగుడు సీసాలు ఉంచమనడం కుక్కల కోసం గొంతెమ్మ కోరిక కాదు. అదే గట్టు మీద అదే పాము పాడి గేదెనూ కరుస్తుంది.

పాము సంగతి అందరూ భయపడి వింటారు. పిడుదు సంగతి చెబితే ఎవరూ వినరు. నిజానికి కారవాన్‌కు దానివల్లే ఎక్కువ నష్టం. కుక్కల మీద ఉండే గోధుమరంగు పిడుదుకు ఒక ప్రత్యేకత ఉంది. మిగతా పిడుదులకు పచ్చిక, పొద కావాలి. దీనికి గోడ నెర్రె చాలు, పరుపు కుట్టు చాలు, సీటు కింది పట్టీ చాలు. గుడ్డు నుంచి పెద్దయ్యే వరకూ ఇంట్లోనే బతికేస్తుంది. ఆడ పిడుదు ఒక్కసారి రక్తం తాగి దిగితే వేల గుడ్లు పెడుతుంది. అద్దె కారవాన్ అంటే దానికి కలిసొచ్చిన కాలమే. ఈ వారం ఎక్కిన కుక్క దించిన పిడుదులు వచ్చే వారం ఎక్కే కుక్క కోసం కాచుకుని ఉంటాయి.

పిడుదుతో వచ్చేది దురద ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. ఎర్లిషియా, బబీసియా అనే సూక్ష్మజీవులను అది మోస్తుంది. కుక్కకు జ్వరం, తిండి మీద అయిష్టం, చిగుళ్ళు పాలిపోవడం, ఒక్కోసారి ముక్కు వెంట రక్తం. తొలి రోజుల్లో రక్తపరీక్ష చేసి పట్టుకుంటే మామూలు మందులతో నయమవుతుంది. ఆలస్యమైతే చేయి దాటిపోతుంది. 1960ల చివర్లో వియత్నాం యుద్ధానికి తీసుకెళ్ళిన అమెరికా సైన్యపు కుక్కలు ఈ ఎర్లిషియా జబ్బుతోనే పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. వాటిలో జర్మన్ షెపర్డ్లు ఎక్కువ. అంత శిక్షణ, అంతమంది డాక్టర్లు ఉండి కూడా కొత్త నేల పిడుదు ముందు ఓడిపోయారు. మనం చేయాల్సింది సులువు. కుక్క ఎక్కిన కారవాన్‌ను తరవాతి అద్దెకు ఇచ్చే ముందు పిడుదుల మందు కొట్టించాలన్న షరతు లైసెన్సులో ఒక వరుసగా రాయండి. యజమానికి ఒక మాట: రోజూ సాయంత్రం చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, మెడ పట్టీ కింద తడిమి చూసుకోవాలి.

నీళ్ళ సంగతికి వస్తాను. డెల్టా అందమంతా నీళ్ళలోనే ఉంది, కారవాన్లు వచ్చేదీ దానికోసమే. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన నాటి నుంచీ మన ఊళ్ళు కాలువల వెంటే పెరిగాయి. పార్కులు కూడా కాలువల వెంటే వస్తాయి. నిండుగా పారే కాలువ పైకి నెమ్మదిగా కనబడుతుంది, లోపల లాగుతుంది. లైనింగ్ వేసిన చోట గట్టు నున్నగా, ఏటవాలుగా ఉంటుంది. దూకిన కుక్క ఈదగలదు, ఎక్కలేదు. ఎక్కడానికి ప్రయత్నించి ప్రయత్నించి అలిసిపోతుంది. దాన్ని ఒడ్డుకు తేవాలంటే దిగువన ఏ రేవు ఉందో తెలియాలి. ఈలోగా యజమాని దూకేస్తాడు. మంత్రిగారూ, ఈ లేఖలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే. కుక్క వెనకే మనిషి దూకుతాడు. కుక్కకు హెచ్చరిక బోర్డు పెడితే అది కాపాడేది మనిషి ప్రాణాన్ని కూడా.

ఇది నా ఊహ కాదు. అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో నేలలోంచి ఉడుకుతున్న నీళ్ళు పొంగే గుంటలు ఉంటాయి. 1981లో స్నేహితుడి కుక్క అలాంటి గుంటలో దూకితే, కాపాడాలని తానూ దూకిన యువకుడు ఒళ్ళంతా కాలి చనిపోయాడు. కుక్కా బతకలేదు. 2021 అక్టోబరులో మళ్ళీ అలాగే, కారులోంచి దూకి వేడినీటి గుంటలో పడిన కుక్క కోసం దిగిన ఇరవై ఏళ్ళ అమ్మాయి తీవ్రంగా కాలింది. ఆ కుక్క కూడా చనిపోయింది. ఆ పార్కులో కుక్కను ఆరడుగులకు మించని గొలుసుతోనే తిప్పాలి. రోడ్డుకూ పార్కింగుకూ వంద అడుగులు దాటి తీసుకెళ్ళకూడదు, గుంటల మధ్య వేసిన చెక్కబాటల మీదికి అసలే తీసుకెళ్ళకూడదు. మనవాళ్ళు అక్కడికి వెళ్ళినప్పుడు ఈ నియమాలను తు.చ. తప్పకుండా పాటిస్తారు. ఇక్కడికి వచ్చినప్పుడు పాటించడానికి ముందు మన దగ్గర నియమమంటూ ఒకటి ఉండాలి కదా.

కొల్లేటి వైపు ఇంకో రకం జాగ్రత్త కావాలి. నిలవ ఉన్న నీటి మీద పచ్చటి తెట్టు కడితే, అందులో కొన్ని రకాల నాచుకు కాలేయాన్నీ నరాలనూ దెబ్బతీసే విషం ఉంటుంది. ఈదిన కుక్క ఒళ్ళు నాక్కున్నా చాలు. మా చేపల రైతులు నీటి రంగు చూసి చెరువు బాగోగులు చెబుతారు. ఆ కంటికి తెలిసింది ఒక బొమ్మగా వేసి, ఈ రంగు నీళ్ళలోకి కుక్కను దించవద్దు అని రాస్తే పని అయిపోతుంది. చేలల్లో ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతో వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు టీకా ఉంది. అది ఏటా వేయించాలి, ప్రయాణానికి ముందే వేయించాలి. కుక్క నుంచి మనిషికీ ఆ జబ్బు రావచ్చు.

పక్షుల సంగతి కూడా చెప్పుకోవాలి. ఆటపాకలో గూడబాతులను చూడటానికే చాలామంది వస్తారు. కొల్లేరు 1999 నుంచి వన్యప్రాణుల అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. అక్కడ గొలుసు విప్పిన కుక్క పక్షులకు ప్రమాదం. పక్షుల వల్ల కుక్కకూ ప్రమాదం ఉంది. 2025 ఫిబ్రవరిలో మా పక్కనే వేల్పూరులోనూ, తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారంలోనూ కోళ్ళకు బర్డ్‌ఫ్లూ వచ్చింది. చచ్చిన పక్షిని తిని కుక్కకు ఆ వైరస్ సోకిన సందర్భాలు ప్రపంచంలో నమోదయ్యాయి. గట్టు మీద పడి ఉన్న కోడినో కొంగనో నోట కరుచుకునే అలవాటు కుక్కకు ఎక్కడైనా ఉన్నదే. అలాంటి వేళ ఆ చుట్టుపక్కల పార్కులకు ఒక్క సందేశం పంపితే చాలు.

వానలు మొదలయ్యాక మరో అధ్యాయం. మా పెరళ్ళలో మునగ చెట్టు మొదలుకు గొంగళి పురుగులు గుంపుగా పట్టడం మనందరం చూసిందే. కొత్త కుక్క వాసన చూడబోతే ఆ నూగు మూతికీ నాలుకకూ గుచ్చుకుంటుంది. స్పెయిన్, పోర్చుగల్, దక్షిణ ఫ్రాన్సుల్లో పైన్ చెట్ల నుంచి వరసకట్టి దిగే గొంగళి పురుగులకైతే కుక్క నాలుక కుళ్ళిపోయేంత పని జరుగుతుంది. శీతకాలం చివర అక్కడికి మోటర్‌హోమ్‌లలో వెళ్ళేవాళ్ళను ఈ సంగతి ముందే హెచ్చరిస్తారు. లండన్ నుంచి ఆ దారి పట్టే మన తెలుగువాళ్ళకూ ఈ మాట పనికొస్తుంది. పైన్ చెట్ల కింద గొలుసు వదలవద్దు.

పిడుగుల కాలంలో విపత్తుల నిర్వహణ సంస్థ మన ఫోన్లకు ముందే సందేశం పంపుతోంది. మంచి పని. ఆ సందేశం అందుకున్న కారవాన్ యజమాని ముందు కుక్కను లోపల కట్టేయాలి. ఉరుముకు బెదిరిన కుక్క ఊరుగాని ఊళ్ళో ఎటు పరుగెడుతుందో చెప్పలేం. మెడలో ఫోను నంబరున్న బిళ్ళ ఒక్కటి ఉంటే మా ఊళ్ళో ఎవరో ఒకరు పట్టుకుని ఫోన్ చేస్తారు.

వరదలు మన దగ్గర చెప్పి వచ్చేవే గానీ, బయటివాడికి అర్థమయ్యేలా చెప్పవు. 2024 జులైలో ఎర్రకాలువ పొంగి తాడేపల్లిగూడెం, నిడదవోలు వైపు చేలు ముంచింది. అది మీ నియోజకవర్గం కష్టమే కనుక మీకు బాగా తెలుసు. సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ నీరే కొల్లేటికి చేరి ఏలూరు, కైకలూరు రోడ్డు మీదికి వచ్చింది. విజయవాడలో వాన తగ్గాక కొల్లేట్లో నీళ్ళు పెరుగుతాయని ఇక్కడివాళ్ళకు తెలుసు. ఎండ కాస్తోంది కదా అని ఆటపాక బయల్దేరే కారవాన్‌కు తెలియదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గరే తీరం దాటింది. ఎత్తుగా, పక్కలు వెడల్పుగా ఉండే బండికి ఆ గాలిలో గట్టు మీద చోటు లేదు.

బండి వదిలి పునరావాస కేంద్రానికి రమ్మంటే కుక్కను ఏం చేయాలి? 2005లో కత్రినా తుఫాను వచ్చినప్పుడు అమెరికాలో చాలామంది పెంపుడు జంతువులను వదలలేక ఇళ్ళలోనే ఉండిపోయారు. దాంతో 2006లో చట్టం చేశారు: విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువులకూ ఏర్పాటు ఉండాలని. మన కేంద్రాల్లో కూడా ఒక వసారా, నాలుగు గుంజలు, తాగే నీళ్ళు ఏర్పాటు చేస్తే కారవాన్ కుక్కతో పాటు కొల్లేటి లంకల్లో మేకను వదిలి రానని మొండికేసే ముసలమ్మ కూడా బయటికి వస్తుంది.

ఇంతకీ నేను అడుగుతున్నదేమిటో ఒక్క చోట చెబుతాను.

ఒకటి: ప్రతి కారవాన్ పార్కుకూ, ఆ చోటికి మాత్రమే సంబంధించిన ఒక్క పేజీ కాగితం. ఏ నెలలో ఏ ప్రమాదం, కనబడే లక్షణం, మొదట చేయాల్సింది, దగ్గరి పశువుల డాక్టరు. తెలుగులో ఒక వైపు, ఇంగ్లీషులో ఒక వైపు. ఆటపాక కాగితం వేరు, ద్వారకా తిరుమల కాగితం వేరు. రాష్ట్రమంతటికీ ఒకే కాగితం అచ్చు వేస్తే అది ఎవరికీ పనికిరాదు.

రెండు: పశుసంవర్ధక శాఖతో మాట్లాడి, మండలాల వారీగా పాము విరుగుడు ఎక్కడ ఉందో అందరికీ కనబడేలా పెట్టడం, మాసూళ్ళు, వరదల నెలల్లో నిల్వ తగ్గకుండా చూడటం.

మూడు: పెద్ద గుళ్ళ దగ్గర కుక్కలను కాసేపు ఉంచే నీడ.

నాలుగు: అద్దె కారవాన్లకు పిడుదుల మందు, పార్కుల్లో కరెంటు పోతే వెంటనే అందుకునే జనరేటరు లైసెన్సు షరతులుగా ఉండాలి. రేబిస్, లెప్టో టీకాల కాగితం లేనిదే కుక్కను పార్కులోకి రానివ్వకూడదు. ఈ ఆఖరి షరతు మా ఊరి కుక్కల కోసం. బయటి జబ్బులు వాటికీ అంటుకుంటాయి.

అయిదు: పునరావాస కేంద్రాల్లో పెంపుడు జంతువులకు చోటు.

మనుషులకే దిక్కులేదు, కుక్కలకా అనేవాళ్ళుంటారు. వాళ్ళ మాటను నేను తీసిపారేయను. కానీ పైన అడిగినవాటిలో కుక్కకు మాత్రమే ఉపయోగపడేది ఏదో చూపించమనండి. విరుగుడు గేదెకూ దక్కుతుంది. కాలువ దగ్గర బోర్డు పిల్లలకూ పనిచేస్తుంది. కేంద్రంలో వసారా మేకలకూ సరిపోతుంది. నీడ ఏర్పాటుకూ పార్కుకూ అయ్యే ఖర్చు కుక్కతో వచ్చేవాళ్ళ దగ్గరే రుసుముగా తీసుకోవచ్చు; కుక్కను ప్రేమించి తెచ్చినవాడు యాభై రూపాయలకు వెనకాడడు.

విదేశాల నుంచి కుక్కతో వచ్చేవాళ్ళకు మీ వెబ్‌సైటులో మూడు వాక్యాలు చాలు. మన దేశంలో దిగాలంటే జంతు క్వారంటైన్ విభాగం అనుమతి ముందే తీసుకోవాలి, ఆ కార్యాలయం హైదరాబాదులోనూ ఉంది. భారతదేశం కుక్కల రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో ఉంది కనుక, 2024 ఆగస్టు 1 నుంచి అమలైన అమెరికా నిబంధనల ప్రకారం తిరుగు ప్రయాణానికి మైక్రోచిప్, టీకా ధ్రువీకరణ కావాలి. అక్కడ టీకా వేయించిన కుక్కయితే ఆ ధ్రువపత్రం అమెరికాలో బయల్దేరకముందే తీసుకోవాలి. ఇది తెలియక వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు కుక్కను ఇక్కడే వదలాల్సిన గతి పడుతుంది.

మా వైపు ఇంటికొచ్చిన చుట్టానికి కాళ్ళు కడుక్కోమని నీళ్ళిస్తూనే, పెరట్లో నుయ్యి ఎటుందో, ఏ మెట్టు జారుతుందో చెబుతాం. కారవాన్ పార్కులో ఆ చుట్టం ప్రభుత్వానికి వచ్చిన చుట్టం. మొదటి పార్కు రిబ్బను మీరు కత్తిరించే రోజుకు ఆ ఒక్క పేజీ కాగితం సిద్ధంగా ఉండాలి. అందులో ఏం రాయాలో చెప్పడానికి మా మండలంలో పశువుల డాక్టర్లు ఉన్నారు, చేపల రైతులు ఉన్నారు, లాకుల దగ్గర పనిచేసేవాళ్ళు ఉన్నారు. ఒక పూట మీ అధికారి ఒకరిని అత్తిలి పంపించండి. పెన్నూ పుస్తకం తెచ్చుకోమనండి. భోజనం సంగతి మేం చూసుకుంటాం.

ఇట్లు,
తణుకు నియోజకవర్గ ఓటరు,
అత్తిలి, పశ్చిమ గోదావరి జిల్లా